'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం కదా? మరి అర్జీ మీద అలా రాస్తే ఏం చెయ్యాలి?

నీలిసిరా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఏడు నెలలైంది. మా నాన్నగారు వీఆర్వోగా పనిచేస్తూ చనిపోయారు. కారుణ్య నియామకం కింద నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. బడి నుంచి డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మీడియమే. ఇంగ్లిష్ నిదానంగా చదివితే అర్థమవుతుంది. తెలియని మాట కనపడితే రాత్రి ఇంటికెళ్ళాక డిక్షనరీలో చూసుకుని ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆ అలవాటే ఈసారి నన్ను ఇరికించింది.

తపాల్లో ఒక పెద్దావిడ అర్జీ వచ్చింది. భర్త పోయాక పొలం ఆవిడ పేరుకి మారింది గానీ 1-బిలో, అంటే ఏ పొలం ఎవరిదో ఎంతో రాసుండే భూమి రికార్డులో, విస్తీర్ణం తప్పుగా ఉంది. 2 ఎకరాల 10 సెంట్లు ఉండాల్సిన చోట 1 ఎకరం 20 సెంట్లు ఉంది. మా తహసీల్దారు సార్ తపాలు చూసేటప్పుడు ఆ అర్జీ పక్కన ఆకుపచ్చ సిరాతో 'పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్' అని రాసి, పొట్టి సంతకం పెట్టి, తేదీ వేశారు.

నేను డిక్షనరీ తీశాను. 'పుట్ అప్ విత్' అంటే సహించు, భరించు, ఓర్చుకొను అని ఉంది. కింద ఉదాహరణ: 'ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్', ఈ గోల నేను భరించలేను. దాన్నిబట్టి నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, 'పాత కాగితాలతోనే సర్దుకోండి, కొత్తగా ఏమీ చెయ్యనక్కర్లేదు' అని. అర్జీకి ట్యాగు వేసి బీరువాలో పెట్టేశాను. పదకొండు రోజులు అది అక్కడే ఉంది.

సోమవారం అర్జీల రోజున ఆవిడ మళ్ళీ వచ్చింది. సార్ నన్ను పిలిచి ఫైలు ఏదని అడిగారు. నాకు అర్థమైంది అర్థమైనట్టే చెప్పాను. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. సార్ నవ్వలేదు. 'వెళ్ళి పుటప్ చెయ్యమ్మా' అన్నారు. 'పుటప్' అనే మాట చేరిన రోజు నుంచీ వింటున్నాను. 'ఫైలు పుటప్ చేశావా, పుటప్ చేశావా' అని అందరూ అంటారు. దాన్ని ఏదో ఆఫీసు మాట అనుకున్నాను గానీ, సార్ కాగితం మీద రాసింది కూడా అదేనని నాకు తట్టలేదు.

వాళ్ళు నవ్వారని కాదు నా బాధ. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. నా వల్ల పదకొండు రోజులు పోయాయి.

దయచేసి ఎవరైనా వివరంగా చెప్పండి. డిక్షనరీలో ఉన్నది తప్పా? ఒకే మాటకి రెండు అర్థాలుంటే ఎక్కడ ఏది అని ఎలా పోల్చుకోవాలి? ఇలాంటివి ఇంకేమేం ఉన్నాయి?

---

పాత దస్త్రం:

అమ్మా, డిక్షనరీ చెప్పింది నిజమే. నువ్వు చదివిందీ నిజమే. ఆఫీసులో చేరిన మొదటి రోజు నీకు ఎవరో ఒకరు ఒక్క నిమిషం చెప్పాల్సిన మాట చెప్పలేదు, అంతే జరిగింది. నేను 1984లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను, 2019లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఎంతోమంది కొత్తవాళ్ళు నా చేతికింద పని నేర్చుకున్నారు. 'పుట్ అప్' దగ్గర తడబడని వాళ్ళు తక్కువ, పైకి అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. నువ్వు అడిగావు, మంచి పని చేశావు.

ఆఫీసు ఇంగ్లిష్‌లో 'పుట్ అప్' అంటే కాగితాన్ని పై అధికారి ముందు పెట్టడం. 'అప్' అన్న ముక్కకి ఇక్కడ నిజంగానే పైకి అనే అర్థం. నీ బల్ల మీది ఫైలు సీనియర్ అసిస్టెంటు దగ్గరికో డిప్యూటీ తహసీల్దారు దగ్గరికో పోతుంది, అక్కణ్ణుంచి తహసీల్దారు దగ్గరికి పోతుంది. ఫైలు ఎక్కుతుంది, ఉత్తర్వు దిగుతుంది.

ఇక మీ సార్ రాసిన వాక్యం. అందులో ఒక మాట మింగేశారు. నిండుగా రాస్తే 'పుట్ దిస్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్' అవుతుంది. దీన్ని పాత కాగితాలతో కలిపి నా ముందు పెట్టు అని. మార్జిన్‌లో జాగా ఉండదు, ఒక్క పూటలో యాభై తపాళ్ళు చూసే అధికారికి తీరికా ఉండదు. అందుకని 'దిస్' ఎగిరిపోతుంది. అది పోగానే 'పుట్ అప్', 'విత్' పక్కపక్కన చేరి, చూసేవాళ్ళకి ఒకే మాటలాగా కనపడతాయి. నిజానికి ఆ 'విత్' కాగితాల సొత్తు.

తెలుగులో ఈ చిక్కు రాదు. మన 'తో' వెళ్ళి ఎవరిదో వాళ్ళకే అంటుకుంటుంది. 'కాగితాలతో' అన్నాక ఆ 'తో'ని ఇంకెవరూ లాక్కోలేరు. ఇంగ్లిష్‌లో 'విత్' విడిగా నిలబడుతుంది. ఎడమవైపు మాటకి చెందిందో కుడివైపు మాటకి చెందిందో చదివేవాళ్ళే తేల్చుకోవాలి. నువ్వు ఎడమవైపు కలిపావు, సార్ కుడివైపుకి రాశారు.

దీనికి తెలుగు మాట నీ నోట్లోనే ఉంది చూడు. సెలవు పెట్టాను, అర్జీ పెట్టాను, ట్రెజరీలో బిల్లు పెట్టాను అంటాం. ఇవన్నీ మనకన్నా పైన ఉన్నవాళ్ళ ముందు కాగితం ఉంచి, వాళ్ళ మాట కోసం ఎదురుచూడడమే. ఫైలు కూడా అలాగే పెడతాం. నీ నోటుబుక్కులో 'పుట్ అప్' పక్కన 'సమర్పించు' అని రాసుకుంటే తప్పు కాదు. కానీ 'పెట్టు' అని రాసుకుంటే ఇక మరిచిపోవు.

పాత కాగితాలు ఎందుకు అడుగుతారో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ మార్జిన్ మాటలో అసలు బరువు 'ప్రీవియస్ పేపర్స్' మీదే ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మా తాలూకా రికార్డు గదిలోని కట్టలన్నిటినీ ఊళ్ళవారీగా విడదీసి, గోనెసంచుల్లో కుట్టి, ట్రాక్టర్ల మీద కొత్త మండల ఆఫీసులకు పంపాం. నాకప్పటికి ఉద్యోగం వచ్చి ఏడాది. ఆ హడావిడిలో ఒక ఊరి కాగితాలు ఇంకో మండలం సంచిలో పడ్డాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు అధికారి 'విత్ పీపీస్' అని రాశారంటే నేను సైకిలు తియ్యాల్సిందే. పీపీస్ అంటే ప్రీవియస్ పేపర్సే, పొట్టిగా అలా రాస్తారు.

ఒకసారి ఒక రైతు అసైన్‌మెంటు పట్టా (పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా) తగాదాలో మూడు రోజులు మూడు ఆఫీసుల్లో వెతికాను. మూడో చోట, ఎవరిదో నీటి తీరువా కట్ట అడుగున, పదేళ్ళ కిందటి ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) స్థల తనిఖీ నివేదిక దొరికింది. ఆ పొలం దున్నుతున్నది ఫలానా మనిషేనని, హద్దులతో సహా రాసి ఉంది. ఆ ఒక్క కాగితం పైన పెట్టి ఫైలు సమర్పించాను. ఆ వారంలోనే తేలిపోయింది. అది లేకపోతే మళ్ళీ తనిఖీ, మళ్ళీ నోటీసులు, ఆ రైతుకి ఇంకో రెండు పంటలకాలం తిరుగుడు. కాబట్టి మీ సార్ 'విత్ ప్రీవియస్ పేపర్స్' అన్నారంటే, ఈ అర్జీ మొదటిది కాదని ఆయనకి ఎక్కడో గుర్తుందన్నమాట. ఆవిడ ఇంతకు ముందు కూడా పెట్టుకుని ఉంటుంది. పాత పర్సనల్ రిజిస్టర్లు, అంటే గుమాస్తా దగ్గరికి వచ్చిన కాగితాలు నమోదు చేసే పుస్తకాలు, తియ్యి. ఊరి పేరు, సర్వే నంబరు పట్టుకుని ఏడాదికేడాది వెనక్కి వెళ్ళు.

ఇలాంటివి ఇంకేమున్నాయని అడిగావు. నీకు తరచూ తగిలేవి చెబుతాను. 'పుట్ అప్ డ్రాఫ్ట్' అంటే జవాబు ముసాయిదా రాసి పెట్టమని. దాన్నే కొందరు 'పుట్ అప్ డీఎఫ్ఏ' అని రాస్తారు, ఆమోదం కోసం ముసాయిదా అని దాని అర్థం. 'పుట్ అప్ ఆన్' అని పక్కన తేదీ ఉంటే ఆ రోజున పెట్టమని, ముందు కాదు వెనక కాదు. 'స్పీక్' అని ఒక్క మాటే ఉంటే ఫైలు పట్టుకుని గదికి వచ్చి మాట్లాడమని. కొత్తలో నాకు ఆ మాట చూస్తే భయం వేసేది. అది కోపం కాదు, కాగితం మీద రాస్తే పెరిగేది నోటితో అయితే రెండు నిమిషాల్లో తేలుతుందని అలా రాస్తారు. 'లై ఓవర్' అంటే ఫైలుని కొన్నాళ్ళు అలా ఉండనివ్వమని, కోర్టు తీర్పు రావాల్సి ఉన్నప్పుడో పైనుంచి స్పష్టత రావాల్సి ఉన్నప్పుడో. ఉత్త 'ఫైల్' అని రాస్తే ఇక చర్య ఏమీ లేదు, కాగితాన్ని ఫైలులో చేర్చి ఊరుకోమని. నువ్వు ఆ అర్జీని చేసింది అదే, కాకపోతే సార్ ఆ మాట రాయలేదు.

---

చాక్‌పీసు:

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. పాత దస్త్రం గారు 'విత్' ఎటు చెందుతుందో చూసుకోవాలన్నారు. దానికి ఒక తేలికైన పరీక్ష ఉంది చెల్లీ, మా తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పేదే.

'ఇట్' అన్న చిన్న మాటని తీసుకుని ఎక్కడ ఇముడుతుందో చూడు. ఫైలు సంగతైతే 'పుట్ ఇట్ అప్' అంటాం, 'ఇట్' మధ్యలో కూర్చుంటుంది. 'పుట్ అప్ ఇట్' అనకూడదు. ఓర్చుకోవడం సంగతైతే 'పుట్ అప్ విత్ ఇట్' అంటాం, 'ఇట్' చివరికే పోతుంది. ఆ మూడు ముక్కల మధ్యకి దాన్ని దూర్చలేం. మీ సార్ వాక్యంలో 'ఇట్' పెట్టి చూడు: 'పుట్ ఇట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్'. చక్కగా ఇమిడింది. కాబట్టి ఇది ఓర్పు కాదు. ఇప్పుడు 'ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్' తీసుకుని అదే పని చెయ్యి. 'ఐ కాంట్ పుట్ ఇట్ అప్ విత్ దిస్ నాయిస్' అంటే వాక్యం విరిగిపోతుంది.

డిక్షనరీలో కూడా ఇవి రెండు వేర్వేరు పద్దులు. 'పుట్ అప్' ఒక చోట, 'పుట్ అప్ విత్' ఇంకో చోట. ముందు రెండు ముక్కల మాట చదివి, తర్వాత మూడు ముక్కల దానికి వెళ్ళు. నువ్వు నేరుగా మూడు ముక్కల దానికి వెళ్ళిపోయావు.

'పుట్ అప్' ఒక్కదానికే బోలెడు పనులు. గుడారం వెయ్యడం, గోడ మీద పోస్టరు అంటించడం, అద్దె పెంచడం, ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడం, ఇల్లు అమ్మకానికి పెట్టడం, ఇంటికొచ్చిన చుట్టానికి రాత్రి పడక ఇవ్వడం, అన్నిటికీ అదే మాట. ప్రతిపాదనని ఒక కమిటీ ముందు ఉంచడానికి ఇంగ్లండులో కూడా 'పుట్ అప్ ఎ ప్రపోజల్' అంటారు. అందుకని మన ఆఫీసు వాడుక తప్పుడు ఇంగ్లిష్ అని ఎవరైనా అంటే నమ్మకు. అక్కడ నాలుగు చోట్ల వాడేదాన్ని మనం ఒక్క ఫైలుకే ఖాయం చేసుకున్నాం. ఇంకొకటి, 'పుట్ సంబడీ అప్ టు సంథింగ్' అంటే ఒకణ్ణి చెడ్డ పనికి ఎగదొయ్యడం. అది మాత్రం జాగ్రత్త, 'అప్ టు' కనపడగానే అర్థం పూర్తిగా మారిపోతుంది.

నా క్లాసులో పిల్లలు 'ఒక మాటకి ఇన్ని అర్థాలేంటి టీచర్' అని విసుక్కుంటే, బోర్డు మీద 'కొట్టేశాడు' అని రాస్తాను. జడ్జి కేసు కొట్టేశాడు. దొంగ ఫోను కొట్టేశాడు. హెడ్మాస్టరు జాబితాలోంచి పేరు కొట్టేశాడు. కుర్రాడు ఫస్టు ప్రైజు కొట్టేశాడు. వీటిలో ఎక్కడా దెబ్బ తగల్లేదు. ఇవి వినేటప్పుడు మనలో ఒక్కరు కూడా ఆగి ఆలోచించరు. పక్కన ఉన్న మాట చూసి అర్థం పట్టేస్తారు. జడ్జి, కేసు అన్నాక ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. ఫైలు పక్కన, కాగితం పక్కన, అధికారి సంతకం పక్కన 'పుట్ అప్' ఉంటే అది పెట్టడమే. గోల, ఎండ, ఆలస్యం, అత్తగారి మాట వీటి పక్కన 'పుట్ అప్ విత్' ఉంటే అది ఓర్చుకోవడమే.

'అప్ విత్'తో వచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. 'కీప్ అప్ విత్' అంటే వెనకబడకుండా సమానంగా నడవడం. 'క్యాచ్ అప్ విత్' అంటే వెనకబడినవాళ్ళు అందుకోవడం. 'కమ్ అప్ విత్' అంటే ఒక ఉపాయమో ఆలోచనో చెప్పడం. ఈ గుంపుని చూసి మనవాళ్ళు 'కోప్ అప్ విత్' అని కూడా రాసేస్తుంటారు. అది లేదు. 'కోప్ విత్' అంతే. ఉద్యోగ దరఖాస్తుల్లో ఇది చాలాసార్లు చూశాను, రాసినవాళ్ళు తెలివైన పిల్లలే. ఎవరూ ఎర్రసిరాతో గుండ్రం చుట్టి చూపించి ఉండరు.

---

టెక్సాస్ కోడలు:

నేను ఆఫీసుల్లో పనిచేయలేదు, కానీ ఈ మాట నాకు ఇంకో దారిలో ఎదురైంది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పెళ్ళయి టెక్సాస్ వచ్చిన కొత్తలో పక్కింటి ముసలావిడ కంచె అవతల నుంచి పలకరించింది. వారమంతా 'పుటింగ్ అప్ పీచెస్' అంది. ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు పీచ్ తోటలు ఉన్నాయి, వేసవిలో బుట్టలకొద్దీ తెచ్చుకుంటారు. ఆవిడ పళ్ళని ఎక్కడ పైన పెట్టిందా అని నేను అటకకేసి చూశాను. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. గాజు సీసాలు వరసగా ఉన్నాయి. పీచ్ ముక్కల్ని చక్కెర పాకంలో వేసి, సీసాల్ని మరిగే నీళ్ళలో ఉంచి, గాలి చొరకుండా మూత బిగించి ఏడాదికి దాచుకుంటారు. దాన్ని 'పుట్ అప్' చెయ్యడం అంటారు ఇక్కడి పాతకాలం వాళ్ళు.

నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మ ఫోన్లో ప్రతి ఏడూ అడిగేది ఇదే మాట కదా, 'ఈ ఏడు ఎన్ని కాయలు పెట్టావే?' అని. ఆవకాయ పెట్టాం, మాగాయ పెట్టాం. మనం 'చేశాం' అనం, 'పెట్టాం' అంటాం. పాత దస్త్రం గారు 'పెట్టు' అని రాసుకోమనగానే నాకు ఆవిడ సీసాలే కళ్ళముందు కదిలాయి. తర్వాతి వేసవికి నేను ఇండియన్ స్టోరులో పచ్చి మామిడికాయలు తెచ్చి ఆవకాయ కలిపి ఒక సీసా ఇచ్చాను, 'ఐ పుట్ దిస్ అప్' అని చెప్పి. ఆవిడకి వెంటనే అర్థమైంది. కారం ఎక్కువైందిగానీ సీసా ఖాళీ చేసింది.

ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో తల్లులు పిల్లలతో 'పుట్ అప్ యువర్ టాయ్స్' అంటారు. బొమ్మలు సర్ది వాటి చోట పెట్టమని. మా అబ్బాయి ఆ మాట ఇంగ్లిష్‌లో ముందు నేర్చుకున్నాడు, నేను వాడి దగ్గర నేర్చుకున్నాను.

మన దేశంలో 'వేర్ ఆర్ యూ పుట్ అప్?' అని అడుగుతాం కదా, ఎక్కడ ఉంటున్నారు అని. ఇక్కడ అలా అడిగితే అవతలివాళ్ళు ఒక క్షణం ఆగిపోతారు. 'వేర్ డూ యూ లివ్?' అనో 'వేర్ ఆర్ యూ స్టేయింగ్?' అనో అడగాలి. నీలిసిరా గారికి ఇప్పుడు అక్కరకి రాకపోవచ్చు, ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాశాను.

---

మానేరు ఒడ్డు:

మా తాత నిజాం జమానాల తాలూకా కచేరీల పనిచేసిండు. అప్పుడు దఫ్తరు భాష ఉర్దూ. కాగితం తీస్కపోయి సాబు ముందు పెట్టుడును 'పేష్ చేసుడు' అనెటోళ్ళు. పేష్ అంటే ముందు, ఎదురుంగ. కాగితాలు పేష్ చేసెటాయన పేష్కారు. ఇప్పుడు పేపర్ల 'మంత్రి పేషీ', 'ముఖ్యమంత్రి పేషీ' అని దినాం చదువుతం కదా, ఆ పేషీ ఇదే. కాగితాలు పెద్దాయన ముందుకు వచ్చే జాగ.

ఇంగ్లిష్‌ల పుట్ అప్, ఉర్దూల పేష్, తెలుగుల పెట్టుడు. మూడు భాషలల్ల కాగితం ఒక్కతీరుగనే నడిచింది. బిడ్డా, నువ్వు పరేషాన్ కాకు. పాత కాగితాలు దొరికినయా లేదా అది చెప్పు.

---

నీలిసిరా:

అందరికీ పేరుపేరునా దండాలు. చాక్‌పీసు అక్కా, 'ఇట్' పరీక్ష నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను. టెక్సాస్ అక్కా, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. 'అక్కడ కూడా పెట్టడమే అంటారా' అని ఎంత ఆశ్చర్యపోయిందో.

కాగితాలు దొరికాయి. పాత దస్త్రం గారు చెప్పినట్టే పర్సనల్ రిజిస్టర్లు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. 2021లో లేదు, 2020లో లేదు. 2019లో ఆవిడ భర్త పేరున ఉంది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. ఆయన కూడా ఇదే తప్పు దిద్దమని అర్జీ పెట్టుకున్నారు. దాంట్లో సర్వేయర్ గీసిన కొలతల పటం ఉంది, 2 ఎకరాల 10 సెంట్లు అని అంకెల్లో, అక్షరాల్లో రాసి ఉంది. ఎందుకు ఆగిందో తెలియదు, ఆ తర్వాత ఏ కాగితమూ లేదు. ఆ పటం చూసినప్పుడు చేతులు వణికాయి.

ఒక సందేహం మిగిలింది సార్. ఇప్పుడు ఇది పైకి పెట్టేటప్పుడు నోటు ఫైలులో నేనేం రాయాలి? మా సీనియర్ 'పుట్ అప్ ఫర్ ఆర్డర్స్' అని రాయమన్నారు. ఇంకొకరు 'సబ్మిటెడ్ ఫర్ ఆర్డర్స్' అన్నారు. రెండూ ఒకటేనా? తెలుగులో రాస్తే తప్పా?

---

పాత దస్త్రం:

అమ్మా, ఆ పటం దొరికింది చూడు, సగం పని అయిపోయినట్టే.

రెండూ ఒకటే. కింది నుంచి పైకి పోయేటప్పుడు నేనైతే 'సబ్మిటెడ్' అని రాసేవాణ్ణి. 'పుట్ అప్' అనేది అధికారి నీకు చెప్పే మాట, 'సబ్మిటెడ్' నువ్వు అధికారికి చెప్పే మాట. ఇది రూలు కాదు, మా రోజుల మర్యాద. బయటివాళ్ళకి రాసే ఉత్తరంలో మాత్రం 'పుట్ అప్' వద్దు. అర్జీదారుకి 'మీ ఫైలు పుట్ అప్ చేయబడింది' అని రాస్తే వాళ్ళకేం తెలుస్తుంది?

తెలుగులో రాయడం తప్పెలా అవుతుంది? అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. నేను చేరిన రోజు నుంచీ నోట్లు తెలుగులోనే రాశాను, ఒక్క అధికారి కూడా వెనక్కి పంపలేదు. ఇలా రాయి: 'అర్జీదారు భర్త 2019లో ఇదే విషయమై అర్జీ సమర్పించి ఉన్నారు. సదరు పాత కాగితాలు జతపరచడమైనది. అందులో సర్వేయర్ కొలతల పటం ప్రకారం విస్తీర్ణం 2 ఎకరాల 10 సెంట్లు. ప్రస్తుత 1-బిలో 1 ఎకరం 20 సెంట్లుగా నమోదైనది. తదుపరి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.' ఇంతకు మించి ఒక్క వాక్యం అక్కర్లేదు. ఎవరిది తప్పో, ఎందుకు ఆగిందో నోటులో రాయకు. పటం ఉన్న పేజీకి ఫ్లాగు (అక్షరం రాసిన గుర్తు చీటీ) పెట్టి, నోటులో ఆ ఫ్లాగు అక్షరం వెయ్యి. అధికారి ఫైలు తెరవగానే చెయ్యి నేరుగా ఆ పేజీ మీద పడాలి. పాత కాగితాలు అడుగున, కొత్త అర్జీ పైన. మీ దగ్గర ఈ-ఆఫీసు ఉంటే పటాన్ని స్పష్టంగా స్కాన్ చేయించు, అంకెలు మసకబారితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకో మాట. ఆ పదకొండు రోజుల సంగతి మీ సార్‌తో నువ్వే వెళ్ళి చెప్పు. మాట అర్థం కాక ఆగిందని, ఇప్పుడు తెలిసిందని. అర్థం కాని చోట అడిగితే ఏ అధికారీ చిన్నబుచ్చడు, కాగితం ఆగిపోతే మాత్రం బాధపడతాడు.

---

చాక్‌పీసు:

పాత దస్త్రం గారూ, 'పుట్ అప్' పైవాళ్ళు కిందివాళ్ళకి చెప్పేదని, 'సబ్మిటెడ్' కిందివాళ్ళు పైవాళ్ళకి చెప్పేదని మీరన్నది ఏ డిక్షనరీలోనూ దొరకదు. రేపు క్లాసులో ఇది చెబుతాను.

---

నీలిసిరా:

సార్, నోటు తెలుగులోనే రాశాను, మీరు చెప్పిన వాక్యాలే కొంచెం మార్చి. పటానికి 'ఏ' ఫ్లాగు పెట్టాను. మా సార్ దగ్గరికి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ఫైలు తెరిచి పటం చాలాసేపు చూశారు. తర్వాత అదే ఆకుపచ్చ సిరాతో, ఈసారి తెలుగులో, 'సర్వేయర్ కొలిచి నివేదిక పెట్టవలెను' అని రాశారు. 'పెట్టవలెను' అన్న మాట చూసి మీరే గుర్తొచ్చారు.

ఆవిడకి ఫోన్ చేశాను. ఫైలు పెట్టానమ్మా అన్నాను. 'ఎవరి ముందు పెట్టావు తల్లీ?' అని అడిగింది. తహసీల్దారు గారి ముందు అని చెప్పి, 2019లో మీ ఆయన పెట్టుకున్న కాగితం కూడా దొరికిందన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. 'దాని మీద ఆయన సంతకం ఉందా?' అని అడిగింది. ఉందన్నాను. గురువారం పొద్దున సర్వేయర్ వస్తారు, గట్టు దగ్గర ఉండమని చెప్పాను.